వరహాలు గారి పదివేళ్ళు

హుకుంపేటలో టిఫిన్ హోటల్ నడిపే వరహాలుకు ఈ లోకంలో ఒకటే చింత. తన పదివేళ్ళకు ఏమీ కాకూడదు. భార్యకు జ్వరం వస్తే మాత్ర వేసుకుని పొయ్యి దగ్గర నిలబడమంటాడు. హోటల్ పైకప్పు రేకు గాలికి లేచిపోతే ఇప్పుడు వెలుతురు బాగా వస్తోందంటాడు. వేలి కొసన చిన్న గీరు పడిందో, బేరం వదిలేసి ఎదురుగా ఉన్న నా మందుల షాపుకు పరుగెత్తుకొస్తాడు. ఆ గీరు కనిపించాలంటే నాకు కళ్ళజోడు కావాలి. అతనికి మాత్రం పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.

నేను ప్రేమ్‌కుమార్‌ని. షాలోమ్ మెడికల్స్ నాదే. డాక్టర్ని కాను గానీ, చుట్టుపక్కల గూడేలవాళ్ళు డాక్టరు బాబూ అంటుంటే వద్దనేంత మొరటువాణ్ణి కూడా కాను. నా షాపులో అమ్ముడయ్యే వ్యాసలైన్‌లో సగం వరహాలు వేళ్ళకే పోతుంది. మిగతా సగం ఊరంతా పంచుకుంటుంది.

హోటల్ యజమాని అన్నాక చేతులతో పని ఉంటుందని మనలాంటి అమాయకులు అనుకుంటారు. వరహాలు అలా అనుకోడు. ఉల్లిపాయ ముట్టుకోడు, రసం వేళ్ళను తినేస్తుందట. నిమ్మకాయ పిండడు. చింతపండు పిసకడు. పెనం వైపు చూడనే చూడడు. ప్లేట్లు కడగమంటే, సబ్బునీళ్ళలో నానితే వేలు ముడతలు పడి ముద్ర చెడిపోతుందని ఉపన్యాసం ఇస్తాడు. పొద్దున్న లేస్తూనే పసుపురంగు రబ్బరు గ్లౌజులు తొడుక్కుని గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. అడ్డురోడ్డు దగ్గర దిగిన టూరిస్టులు ఆ గ్లౌజులు చూసి, ఇదెంత శుభ్రమైన హోటలో అని మురిసిపోయి ఇంకో ప్లేటు ఇడ్లీ చెబుతారు. తన ఇడ్లీ మాత్రం స్పూనుతోనే తింటాడు. పప్పన్నం కూడా స్పూనుతోనే. కొండ మీదికి బదిలీ మీద వచ్చిన దొర అనుకోవాలి చూసినవాళ్ళు.

ఈ రాజభోగమంతా నడిపేది అతని భార్య రత్నాలు. పిండి రుబ్బేది ఆమె, దోసె పోసేది ఆమె, గిన్నెలు తోమేది ఆమె, పొయ్యిలో కట్టెలు ఎగదోసేది ఆమె. మధ్యమధ్యలో మొగుణ్ణి తిట్టేదీ ఆమే. తిట్టడానికి విడిగా సమయం తీసుకోదు, దోసె తిరగేస్తూ తిట్టేస్తుంది. ఈ మనిషికి వేళ్ళు కావాలి గానీ వేళ్ళతో పని అక్కర్లేదని ఒకసారి హోటల్ నిండా జనం ఉండగా అంది. వరహాలు వినిపించనట్టు గ్లౌజు దులుపుకున్నాడు.

ఎందుకంత జాగ్రత్త అని అడిగితే మనిషికొక కారణం చెప్పేవాడు. కానిస్టేబుల్‌తో, రేపు ఎక్కడైనా దొంగతనం జరిగితే నా ముద్ర స్పష్టంగా ఉండి నేను నిర్దోషినని తేలాలి కదండీ అన్నాడు. చర్చిలో పాస్టరు గారితో, దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో ముద్ర వేసి పంపాడని, దాన్ని చెరపడం పాపమని అన్నాడు. పాస్టరు గారు మెచ్చుకుని ఆదివారం ప్రసంగంలో వాడుకున్నారు కూడా. వరహాలు హిందువన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు. నాతో మాత్రం బొటనవేల్లో శంఖం ఉందని, అది అరిగిపోతే యోగం పోతుందని చెప్పాడు. రేకు లేచిపోయిన హోటల్లో కూర్చుని ఏ యోగం గురించి మాట్లాడుతున్నాడో అడగబోయి మానేశాను.

బేరం లేని మధ్యాహ్నాల్లో నా షాపులో స్టూలు వేసుకుని ప్రశ్నలు వేసేవాడు. ఇటుకలు మోసేవాళ్ళ ముద్ర అరిగితే మళ్ళీ వస్తుందా? కత్తికి తెగితే? తామర వస్తే? నాకు తెలిసినంత చెప్పేవాణ్ణి. వేలి గీతలకు మూలం చర్మం లోపలి పొరలో ఉంటుంది, పైపొర గీరుకుపోతే అవే గీతలు మళ్ళీ మొలుస్తాయి. గాయం లోపలి పొర దాకా దిగితే మచ్చ పడి గీత తెగిపోతుంది. తామర ఉన్నన్నాళ్ళు తోలు పొరలు రేగి గీతలు చెదిరిపోతాయి, తగ్గితే కుదురుకోవచ్చు. జనం సినిమా కథ వింటారే, అలా వినేవాడు.

ఆ తామర సంగతి నాకు రోజూ కనిపించేదే. పై గూడెం నుంచి కనక అనే ముసలామె అడ్డాకులు కోసుకొచ్చి హోటల్‌కు వేసి, వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆయింట్‌మెంటు తీసుకునేది. అరచేతులూ వేళ్ళూ ఎండిన చెరువులా పగిలి ఉండేవి. పసుపు తవ్వడం, అల్లం కడగడం, ఆకులు కోయడం మానితే తగ్గుతుందని చెప్పేవాణ్ణి. ఆమె తలూపి, మర్నాడు మళ్ళీ ఆకులతో దిగేది. ఆమె మొగుడు సుక్రు ఇల్లు కదలలేడు. ఎప్పుడో కుష్ఠు వచ్చి పూర్తిగా నయమైపోయింది గానీ, వేళ్ళు సగానికి అరిగిపోయాయి.

ఒక సంత రోజు బోండాల మూకుడు కింద కట్టె జారింది. సలసల కాగుతున్న నూనెతో మూకుడు రత్నాలు కాళ్ళ మీదికి ఒరిగింది. వరహాలు అప్పుడే కొబ్బరినూనె రాసుకోవడానికి గ్లౌజులు తీసి కూర్చున్నాడు. ఎలా లేచాడో ఎవరూ చూడలేదు. ఉత్తచేత్తో మూకుడు అంచు పట్టుకుని పొయ్యి మీదికి తోసేశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చెయ్యి పొయ్యి దగ్గరికి వెళ్ళడం అదే మొదటిసారి.

రత్నాలు అతన్ని రెక్క పట్టుకుని నా షాపుకు తెచ్చింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పొక్కిపోయి ఉన్నాయి. చల్లటి నీళ్ళు ధారగా పోస్తున్నాను. వరహాలు నొప్పి మాట ఎత్తలేదు.

"బాబూ, గీత ఉంటాదా?" అన్నాడు.

రత్నాలు నా వైపు చూసింది. "సెయ్యి కాలితే గీతంటాడేటి ఈ మనిషి?"

పొక్కే గానీ లోతుగా కాలలేదని, పైతోలు ఊడినా గీతలు మళ్ళీ వస్తాయని, రెండుమూడు వారాలు ఓపిక పట్టమని చెప్పాను. అతని మొహం ఇంకా పాలిపోయింది. అన్నాళ్ళు ఆగితే ఈ నెల పోతుందన్నాడు. ఏ నెలో, ఎక్కడికి పోతుందో చెప్పలేదు.

నేను గుడ్డ చుడుతుండగా కనక ఖాళీ సంచీ పట్టుకుని వచ్చింది. కట్టు చూసింది. మెట్టు మీద చతికిలబడిపోయింది.

"అన్న ఏలు కాలిపోనాదా?" అంది.

"నీకేటి అతని ఏలుతో పని?" అంది రత్నాలు.

కనక వరహాలు వైపు చూసింది. వరహాలు నా షాపులోని దగ్గుమందు సీసాలన్నిటినీ శ్రద్ధగా చదువుతున్నాడు.

"నా ఏలు మిషను తీసుకోదమ్మా. మా ముసిలోడికి ఏలే నేదు. బియ్యం ఆగిపోనాయి. అన్నొచ్చి తన ఏలు పెడతన్నాడు. నెల నెలా ఆ ఏలుతోనే తింటన్నాం."

సంగతేమిటంటే, కనక ఒకప్పుడు హోటల్లో మిగిలిన ఇడ్లీలు అడిగి మూట కట్టుకెళ్ళేదట. వరహాలు కూపీ లాగితే, రేషన్ మిషన్ మీద ముద్ర పడక ఇంట్లో బియ్యం లేవని తేలింది. డీలరు దగ్గరికి తీసుకెళ్ళి గొడవపెడితే, వేలు పడనివాళ్ళ తరఫున ఇంకొకరి పేరు ఎక్కించొచ్చని డీలరు అన్నాడు. ఎవరిదైనా ఫర్వాలేదు, ముద్ర శుభ్రంగా పడాలంతే. అక్కడికక్కడే వరహాలు పేరు ఎక్కింది. గ్లౌజులు వచ్చింది ఆ వారమే. శంఖం, యోగం, దేవుడి ముద్ర అన్నీ ఆ తర్వాత పుట్టుకొచ్చినవే.

రత్నాలు అంతా విని నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఇంట్లో ఏలు కదపడు గానీ ఊరికి ఏలు అప్పిచ్చేడు."

ఈ మాట పడాల్సొస్తుందనే చెప్పలేదని వరహాలు సీసాలతో చెప్పాడు.

ఆమె ఇంకా తిడుతుందనుకున్నాను. రత్నాలు కనక చేతిలోని సంచీ అందుకుంది. అతనిది కాలితే తనది లేదా, లెగు బేగి, డీలరు కొట్టు కట్టేస్తాడు అంటూ ముందు నడిచింది. షాపు మూసి నేనూ వెనకాలే వెళ్ళాను. వైద్యసహాయం కోసమని చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి తమాషా వదులుకోలేక.

డీలరు రత్నాలు పేరు ఎక్కించడానికి ఆమె బొటనవేలు మిషన్ మీద పెట్టించాడు. ఎర్రలైటు వెలిగింది. తుడిచి మళ్ళీ పెట్టింది. ఎర్రలైటే. చూపుడువేలు, ఉంగరం వేలు, ఎడమచెయ్యి. పదీ అయిపోయాయి. డీలరు ఆమె వేలు వెలుతురులో పెట్టి చూసి, పలక తుడిచినట్టుంది కదమ్మా అన్నాడు. ఉల్లిపాయలు, సబ్బునీళ్ళు, పెనం, చింతపండు. వరహాలు కాపాడుకున్న గీతలన్నీ ఆమె చేతుల్లో అరిగిపోయాయి.    వరహాలు ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు.

ఆధార్‌లో పదివేళ్ళూ తీసుకుంటారు కదా, ఎడమచెయ్యి పెట్టి చూడమని వరహాలుతో అన్నాను. ఇన్నాళ్ళూ కుడి బొటనవేలొక్కటే పనికొస్తుందనుకున్నాడు మహానుభావుడు. మిగతా తొమ్మిది వేళ్ళకూ ఊరికే నూనె పోశాడన్నమాట. ఆ నూనె వల్లే ఎడమ బొటనవేలు అద్దం మీద జారి మరకైంది. రత్నాలు అతని చెయ్యి లాక్కుని చీరకొంగుతో ఒక్కో వేలూ తుడిచింది. చంటిపిల్లాడి చెయ్యి తుడిచినట్టు తుడిచింది, కాస్త గట్టిగా. ఉంగరం వేలు పడింది. మిషన్ చీటీ కక్కింది. కనక సంచీ నోరు తెరిచి పట్టుకుంది.

మర్నాడు పొద్దున్న గల్లాపెట్టె దగ్గర రత్నాలు కూర్చుని ఉంది. లోపల వరహాలు కట్టు కట్టిన చెయ్యి గాల్లో పెట్టుకుని, ఎడమచేత్తో దోసె పోస్తున్నాడు. దోసె ఒకపక్క అప్పడం, ఒకపక్క దిబ్బరొట్టె. రత్నాలు అక్కణ్ణించే, నాలుగు రోజులు సెయ్యి కాసుకోరాదేటి అని తిడుతోంది. వరహాలు తల ఎత్తలేదు.

"నువ్వు కూకో. నీ గీతలు రావాల," అన్నాడు.

అతని కాలిన వేళ్ళకు తోలు ఊడి, కింద నుంచి పాత గీతలే వచ్చాయి. రత్నాలు వేళ్ళకు చాలాకాలం పట్టింది. నా షాపులో వ్యాసలైన్ ఊరికి మిగలడం పూర్తిగా మానేసింది. వానలు వెనకబట్టాక ఒకరోజు ఆమె డీలరు దగ్గరికి వెళ్ళి, పై గూడెం నుంచి దిగి రాలేని సోములమ్మ అనే గుడ్డిముసలమ్మ తరఫున బొటనవేలు పెట్టింది. పచ్చలైటు వెలిగింది. ఆ రోజు హోటల్లో అందరికీ బోండాలు ఉచితం.

దాంతో మాకు కొత్త కష్టం వచ్చిపడింది. హోటల్లో ఇద్దరు యజమానులు, ఇద్దరికీ గ్లౌజులు, ఇద్దరి వేళ్ళ మీదా రెండిళ్ళ బియ్యం. ఉల్లిపాయ కోసేవాళ్ళు లేరు, ప్లేటు కడిగేవాళ్ళు లేరు. కానిస్టేబుల్ గారు ఉల్లిపాయలు తరిగి ఉప్మా తింటున్నారు. పాస్టరు గారు చింతపండు పిసికి సాంబారు పోయించుకుంటున్నారు. మిగతావాళ్ళం తిన్న ప్లేటు మేమే కడిగి బోర్లించి వస్తున్నాం. పాడేరు నుంచి వచ్చిన ఒక ఆఫీసరు మొన్న ఇదేం హోటలని కసిరాడు. రత్నాలు అతనికి పీచూ సబ్బూ చూపించింది.