సబ్‌మెరైన్ మెట్ల దగ్గర విడిచిన చెప్పులు

సాయంత్రమైనా కోపం తగ్గలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

భూపాలపల్లి నుంచి మా అత్తమ్మను విశాఖపట్నం చూపించడానికి తీసుకొచ్చాం. పొద్దున హార్బర్‌లో పడవలు చూసి, మధ్యాహ్నం బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన పాత సబ్‌మెరైన్‌కి వెళ్లాం. ఎక్కే ముందు అత్తమ్మ మెట్ల దగ్గర చెప్పులు విడిచింది. పైకెక్కి, ఇనుప గుమ్మాన్ని తాకిన చేతిని కళ్లకద్దుకుంది. మా మామయ్య ఉద్యోగం చేసినన్నాళ్లూ బొగ్గుబాయిలోకి దిగేముందు ఇలాగే మొక్కేవాడు. షిఫ్టు దిగి ఆయన ఇంటికి వచ్చేదాకా ఈమె అన్నం ముట్టేది కాదు.

లైన్‌లో మా వెనకున్న ఒక పెద్దమనిషి ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

"మామ్మగారూ, ఇది గుడి కాదండీ. కొబ్బరికాయ కూడా తెచ్చారా ఏంటి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అత్తమ్మ మాత్రం నింపాదిగా చెప్పింది.

"గుడి కాదని నాకెర్కనే బిడ్డా. గిండ్ల కూసొని నీళ్ల కిందికి పోయిన్రంట గదా. వాళ్లొచ్చేదాక ఇంటికాడ పెండ్లాం పిల్లలు ఎట్ల ఉన్నరో ఏమో. అందుకే మొక్కిన."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన ఫోన్ మాత్రం దించలేదు. ఆ వీడియో తీసెయ్యమని నేను గట్టిగానే అడిగాను.

"సరదాకి తీశానండీ, ఇంత సీరియస్ ఎందుకు?" అంటూ మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఎవరి సరదాకి?

ఆ వీడియో మీలో ఎవరి ఫోన్‌కైనా వస్తే, అత్తమ్మ జవాబు అందులో ఉందో లేదో చూసి చెప్పండి. కొబ్బరికాయ దగ్గరే కత్తిరించి ఉంటాడని నా అనుమానం.