మర్కూక్ పోని వెనక సీటు

ఉద్యోగమంటే ఏసీలో కుర్చీ అని నేను గట్టిగా నమ్మిన రోజులవి. చివరికి ఏసీ దొరికింది, కుర్చీ కూడా దొరికింది. కాకపోతే రెండూ కార్లోనే ఉండేవి, వాటిని తుడవడం నా పని. సిద్దిపేటలో కోమటిచెరువు వైపు పోయే రోడ్డు మీద మా మేనమామ కార్లు కిరాయికి ఇచ్చేవాడు. డ్రైవరు ఉండడు, తీసుకున్నవాళ్ళే నడుపుకోవాలి. అంతకుముందు నేను చేరిన ఉద్యోగాలేవీ నన్ను తట్టుకోలేకపోయాయి (వాళ్ళనడిగితే ఇదే కథ ఇంకోలా చెప్తారు). దాంతో బెజ్జంకిలో మా నాయినకు నా విషయంలో మిగిలిన ఆశ ఒక్కటే, ఇంటి బర్లు కాయడం. "గీ పని గూడ పోగొట్టుకున్నవనుకో, సక్కగ బర్ల కాడికే" అని బస్సెక్కించేటప్పుడే చెప్పాడు. బర్లంటే నాకేమీ కోపం లేదు. వాటికే నేనంటే పడదు.

కిరాయి కారు కడగడం సొంత కారు కడగడం లాంటిది కాదు. సొంత కార్లో మనిషి భయంగా తింటాడు, కిరాయి కార్లో కసిగా తింటాడు. పల్లీ పొట్టు, మక్కగింజలు, పిల్లల పాలసీసా మూతలు, అన్నీ దొరికేవి. సీటు కింద ఒంటి చెప్పు కూడా దొరికేది. రెండోదాన్ని వేసుకుని ఆ మనిషి ఇంట్లోకి ఏ ముఖంతో నడిచాడో నాకిప్పటికీ అర్థం కాదు. మరకలు, గీతలు తీయడానికి నాతోపాటు పాలిష్ భాయ్ ఉండేవాడు. ఆయన కారును తుడుస్తుంటే గుర్రానికి మాలిష్ చేస్తున్నట్టుండేది. నేను తుడుస్తుంటే మాత్రం కారే నన్ను తుడుస్తున్నట్టుందని ఆయన అభిప్రాయం.

ఆ ఏడాది శివరాత్రి దాటాక ఒక రిటైరైన సారు తన బిడ్డ పెళ్ళికి మా కార్లన్నీ మాట్లాడుకున్నాడు. మాట్లాడుకోవడానికి వచ్చిన రోజే జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి స్టీరింగు రుద్ది, రుమాలు వంక చూసి, నా వంక చూశాడు. ఆనాటి నుంచి ఆయన మాకు రుమాలు సారు. "పెండ్లికొడుకు ఎక్కే బండి బయట తెల్లగుంటె సరిపోదు, లోపట గూడ గట్లనే ఉండాలె" అన్నాడు. మామ వెంటనే తెల్ల కారు చూపించాడు. దాని సీట్లు పాలమీగడ రంగులో ఉండేవి. పెళ్ళి ముందు రోజు సాయంత్రం వచ్చి చూస్తానని సారు వెళ్ళాడు.

పెళ్ళి ముందు రోజు పొద్దున ఆ తెల్ల కారు కొమురవెల్లి మల్లన్న జాతర నుంచి తిరిగొచ్చింది. తీసుకున్నవాళ్ళు "గీడ ఊర్లనే తిరుగుతం" అని చెప్పి పోయారు, భక్తి పొంగి దారి మళ్ళినట్టుంది. మల్లన్న దగ్గర పసుపును బండారి అంటారు, దాన్ని దోసిళ్ళతో చల్లుకుంటారు. వీళ్ళు సగం స్వామికి చల్లి, మిగతా సగం మా వెనక సీటుకు చల్లారు. మామ తలుపు తీసి చూసి, తిట్టబోయి, చెంపలేసుకున్నాడు. "దేవుని బండారి, ఏమంటం రా?" అన్నాడు. దేవుణ్ణి అనలేనిదంతా నన్నన్నాడు. "పెండ్లికి ఒక బండి తక్కువ పడ్డది, నేను హైదరాబాద్ పోయి తెస్త. సాయంత్రం సారు వచ్చేవరకు అద్దం లెక్క ఉండాలె. మంచిగ జేసినవా, ఈ పని నీకే పక్కా. తేడా కొట్టిందా, మీ నాయినకు ఫోన్ జేస్త."

నేను బర్లను తలచుకుని బకెట్లో బట్టల సబ్బు నురగ తీసి సీటును కసిగా రుద్దాను. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు, బట్టలు ఉతికే పని ఎప్పుడూ నాది కాదు కాబట్టి ఆ వార్త నాదాకా రాలేదు. క్షణంలో సీటంతా నెత్తుటి మడుగైంది. పాలిష్ భాయ్ వచ్చి తొంగిచూసి, "అరే మియా, కారు కడగమన్నరా, ఎవళ్ళనన్న కోయమన్నరా?" అన్నాడు. అప్పుడే కిరాయికి అడగడానికి వచ్చిన ఒకాయన లోపలికి చూసి, ఎర్రటి నురగతో ఉన్న నా చేతులు చూసి, "నేను మల్లస్త" అని గేటు దాకా వెనక్కి వెనక్కే నడిచాడు.

చావుకు ముందు దాహం తీర్చుకుందామని ఎదురుగా ఉన్న బండి నుంచి నిమ్మకాయ సోడా తెచ్చుకున్నాను. భాయ్ "ఫోన్ మోగుతుంది, మీ మామ!" అని అరిచాడు. సోడా సగం సీటు మీద పడింది. పడినచోట ఎరుపు పోయి పసుపు తిరిగొచ్చింది! "అరె, వాపస్ అచ్చింది!" అని భాయ్ గంతేశాడు. సోడాబండి నిమ్మకాయలన్నీ మా కార్లోకి మారాయి. కాసేపట్లో హత్య కాస్తా మంగళస్నానంగా మారింది. అయితే మళ్ళీ మొదటికొచ్చామన్నమాట, కాకపోతే ఇప్పుడు వాసన బాగుంది. అంతలో ఇంకో వింత కనబడింది. తెరిచిన తలుపులోంచి ఎండ పడ్డ పట్టీ మేర పసుపు వెలిసిపోతోంది. "భాయ్, పానా తే!" అన్నాను. ఆయన బోల్టులు ఊడదీశాడు. ఇద్దరం వెనక సీటును మోసుకెళ్ళి రోడ్డు పక్కన మండుటెండలో పెట్టాం.

మధ్యాహ్నానికి సీటు మీగడలా మెరుస్తుందని లోపల అద్దాలు తుడుస్తూ పాటలు పాడుకున్నాను. బయటికొచ్చి చూద్దును గదా, సీటు నట్టనడుమ ఒక ముసలవ్వ సంచి పక్కన పెట్టుకుని హాయిగా కూర్చుని ఉంది.

"గిది మర్కూక్ పోతదా బిడ్డా?"

"చక్రాలు లేవు అవ్వా."

"ఎప్పుడు పెడ్తరు?"

"ఇది బండి కాదవ్వా, సీటు. జెర లేవరాదు?"

"మోకాళ్ళు గుంజుతున్నయి బిడ్డా. ఆటో రాంగనే లేస్త, నీ సీటును నేనేమన్న ఎత్తుకపోతనా?"

ఆటో వచ్చేసరికి పొద్దు వాలింది. "సీటు మెత్తగున్నది, చక్రాలు పెట్టియ్యి" అని దీవించి ఎక్కింది. ఆమె లేచాక చూస్తే సీటంతా తెల్లగా ఉంది, అవ్వ కూర్చున్నంత మేర తప్ప. అక్కడ మాత్రం ముదురు పసుపు, చక్కని గుండ్రం. ఎండ అయిపోయింది, నిమ్మకాయలూ అయిపోయాయి. సీటు బిగిస్తుండగానే మామ, ఆయన వెనకాలే రుమాలు సారు వచ్చారు.

సారు డాష్‌బోర్డు రుద్దాడు, తలుపుల సందులు రుద్దాడు, ఏసీ రంధ్రాల్లో వేలు పెట్టి చూశాడు. రుమాలు తెల్లగానే ఉంది. తర్వాత వెనక తలుపు తీశాడు. మామ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, నాయిన నంబరు నాకు దూరం నుంచే కనబడింది.

"ఇదేంది?" అన్నాడు సారు.

"బండారి సార్. బండి మల్లన్న కాడికి పోయొచ్చింది. అంత పోయింది గని, గీ కాడ పోలె" అన్నాను. అంతా నిజమే.

సారు అక్కడ రుమాలుతో రుద్దాడు. రుమాలుకు ఏమీ అంటలేదు. మెల్లగా చెప్పులు విడిచాడు. రెండు చేతులూ జోడించి, "మా బిడ్డ పెండ్లికి స్వామే ముందుగాల వచ్చి కూసున్నడు" అన్నాడు. (స్వామి మర్కూక్ ఆటో కోసం చూస్తూ కూర్చున్నాడని చెప్పే సందర్భం కాదది.) "పెండ్లికొడుకును సరిగ్గ గీడనే కూసోపెట్టాలె. మిగతా కార్లల్ల లేదా ఇది?"

"స్టాక్ అయిపోయింది సార్" అన్నాను. పాలిష్ భాయ్ దగ్గుతూ బయటికి పోయాడు.

సారును మామ గేటు దాకా సాగనంపాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, "రేపటి సంది పంపు నువ్వే వట్టు" అన్నాడు. నీళ్ళను తుపాకీలా కొట్టే ఆ పంపును అప్పటిదాకా ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేదు. కొందరికి పట్టాభిషేకం కిరీటంతో జరుగుతుంది, నాకు గొట్టంతో జరిగింది.

మర్నాడు బ్యాండు మేళంతో పెళ్ళికొడుకు ఊరేగింపు మా షెడ్డు ముందు నుంచే పోయింది. తడి ప్యాంటుతో, చేతిలో గొట్టంతో, మిలిటరీవాడిలా ఛాతీ విరిచి నిలబడ్డాను. జనమంతా పెళ్ళికొడుకును చూశారు, నేనొక్కణ్ణి టైర్లను చూశాను. నాకెవరూ చేయి ఊపలేదు, నేను మాత్రం కారు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాను. గొట్టం పట్టుకున్న ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది. కానీ ఏమాటకామాట, టైర్లు మాత్రం భలే మెరిశాయి.