ఇరవై లెక్కపెట్టేదాకా

మా ఆయన పోయేముందు మంచం పక్కన కెమెరా పెట్టనిచ్చింది నేనే. దాచి లాభం లేదు.

మా వీధిలో అద్దెకు దిగిన అమ్మాయి ఫొటోలు తీసేది. పెళ్లిళ్లవీ పేరంటాలవీ కావు, ప్రాణం పోతున్నవాళ్లవి. పెద్ద ఫ్రేములు కట్టించి జనానికి చూపిస్తుందట. వినగానే నాకు ఒళ్లు మండింది. ఆయనే ఒప్పుకున్నాడు.

"మన పెళ్లికి ఫొటో లేదు కదే. దీనికైనా ఉండనీ."

ఆ మధ్యాహ్నం ఊపిరి అందీ అందకుండా ఉంది. చెంచాలో తులసి నీళ్లు పట్టుకుని కూర్చున్నాను. ప్రాణం ఉండగానే అవి గొంతులో పడాలి. గదిలో వెలుతురు చాలదంది ఆ అమ్మాయి.

"మామ్మగారూ, ఇరవై లెక్కపెడతానండి. అప్పటిదాకా కదలకండి. కదిలింది ఫొటోలో చెదిరిపోతుందండి."

మోచెయ్యి మంచం పట్టెకు ఆనించి, చెంచా మీంచి చూపు తిప్పకుండా అలాగే ఉండిపోయాను. ఇంతలో కరెంటు పోయింది. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్ల మోత ఠక్కున ఆగింది. ఆమె లెక్క ఒక్కటే వినబడింది. ఇరవై అయ్యాక నీళ్లు పోశాను. పెదవి పక్కనుంచి దిండు మీదికి కారిపోయాయి.

పదో రోజున మా మరిది నలుగురిలో అననే అన్నాడు.

"ఫొటోకి కూర్చుని మా అన్నయ్యకి తీర్థం ఎగ్గొట్టారు కదండీ వదినగారూ!"

"అప్పటికే పోయాడు," అన్నాను. పోయాడో లేదో నాకు తెలియదు.

కొన్నాళ్లకు రాజమండ్రిలో ఆ ఫొటోలు పెట్టారు. వెళ్లాను. అరవై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. ఫ్రేము కింది చీటీని వేలు పెట్టి చదువుకున్నాను. 'ఇరవై సెకన్లు' అని ఉంది. తలెత్తి చూశాను. నా చెయ్యి, చెంచా, అందులో నీళ్లు చెక్కినట్టున్నాయి. ఆయన కళ్లూ నుదురూ అంతే. నోరు ఒక్కటే చెదిరింది. మూసిన పెదవుల మీద తెరిచిన నోరు, పొగలాగా.

"ఏంటమ్మాయ్ ఇది?" అని పక్కనే నిలబడ్డ ఆ ఫొటోల అమ్మాయిని అడిగాను.

"మధ్యలో నోరు తెరిచారండి," అంది మెల్లగా. "మళ్లీ మూసుకున్నారు."

ఎందుకు తెరిచాడో ఆమెకు చెప్పలేదు. ఇంటికొచ్చి మరిదిని పిలిపించాను.

"నువ్వన్నదే నిజం. బతికే ఉన్నాడు. నీళ్లకి నోరు తెరిచాడు."

అతను తల దించుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు కరెంటు పోయి చెరువులు చప్పబడితే చాలు, నా నోట్లో లెక్క దానంతట అదే మొదలవుతుంది. ఏ అంకె దగ్గర తెరిచాడో ఆ ఫొటో చెప్పదు.