గోడ మీది మాట ఎవరిది?

పంజాగుట్టలో మా ఆసుపత్రి గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంటుంది: "ముందు కూర్చోండి." మిగతా ఆసుపత్రులకు సేవ గురించో ప్రాణం గురించో సంస్కృతంలో ఉంటుంది. మాకు మాత్రం ఇదే. పాతికేళ్ల పండుగకు వేసే పుస్తకంలో ఈ మాట చరిత్ర రాయమని నాకు అప్పగించారు. మొదటి రోజు నుంచీ చీటీల కౌంటర్లో ఉన్నవాణ్ణి కదా.

పెద్ద డాక్టరుగారు నెలల తరబడి ఆలోచించి ఈ మాట ఎంచుకున్నారని రాశాను. అబద్ధమని తెలిసే రాశాను.

అమీర్‌పేట ప్రెస్సు నుంచి ప్రూఫు వచ్చి, నేను ఓకే చెప్పిన రోజే, త్వరలో రిటైరు కాబోతున్న ఆయమ్మ నా దగ్గరికి వచ్చింది.

"అద్దాలు ఇంట్ల మర్శిన సారూ, జర సదువు."

చదివాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మస్తు రాసినవ్. మరి నువ్వు గా పెద్దమనిషి మీద ఒర్లింది రాయలే?"

అది ఆసుపత్రి తెరిచిన మొదటి వారం. ఎర్రగడ్డ నుంచి వచ్చిన ఒక ముసలాయన ఆయాసంతో పేరు చెప్పలేకపోతుంటే, "పేరు చెప్పవయ్యా, వెనక ఎంత లైనుందో చూడు" అని తలెత్తకుండానే అరిచాను. ఆయమ్మ తుడుస్తున్న గుడ్డ పడేసి వచ్చి, నన్ను లేపి, నా కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టింది.

"ముందు కూసోనియ్యి సారూ. పేరు యాడికి పోతది?"

డాక్టరుగారు వెనక నుంచి చూశారు. మర్నాడే పెయింటరు వచ్చాడు. అప్పటి నుంచి రోగి కూర్చునేదాకా ఇక్కడ ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు, డాక్టరైనా సరే.

ఆయమ్మ గురించి రాస్తే నా అరుపు గురించీ రాయాలి. అందుకని ఆమెనే తీసేశాను.

ఆ సాయంత్రమే కొత్త పేజీతో ప్రెస్సుకు వెళ్లాను.

"ఓకే అన్నవ్ కదనే! మళ్ల ఏం లొల్లి?" అని విసుక్కున్నాడు ప్రెస్సాయన. చదివాక నన్ను ఎగాదిగా చూశాడు. "గీ ఒర్లింది నువ్వేనా? గిదే పెడుదం, అన్నా. పాతది ఉత్త సొల్లు."

పండుగ రోజు డాక్టరుగారు ఆ పేజీని మైకులో చదివారు. "ఆ రోజు ఈయన అరవకపోయుంటే మనకీ మాటే లేదండీ" అనేసరికి హాలంతా ఒకటే నవ్వు. నా చెవులు వేడెక్కాయి. అయినా నేనూ నవ్వాను; అంత తేలిగ్గా ఎన్నడూ నవ్వలేదు.

ఆయమ్మ చుట్టాలందరికీ కావాలని పది పుస్తకాలు చంకన పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ మనవరాలిని లాక్కొచ్చి నా ముందు నిలబెట్టింది.

"సూడు బిడ్డా, నేను జెప్పలే? గీ సారే ఒర్లింది!"

నేను లేచి, "అవునమ్మా, నేనే" అని ఆ పిల్లకు నమస్కారం పెట్టాను.