చిలకలగూడ మేడ మీద నా వాదన

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. దైవశాస్త్రంలో పట్టా పుచ్చుకుని మరీ చేసినదాన్ని నేను. చెబుతాను, వినండి. మేడ మీది గదిలో ఒంటరిగా ఉన్నవాళ్ళు మాత్రం దీపం వేసుకుని చదవండి.

అప్పట్లో బైబిలు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. చిలకలగూడలో యాదమ్మగారింట్లో కింది వాటాలో అద్దెకుంటూ పుస్తకం రాస్తున్నాను. అన్ని మతాలూ ఒకటే అనేవాళ్ళకూ, ఎవరి సత్యం వాళ్ళదే అనే పోస్ట్‌మోడర్న్ పండితులకూ చివరి అధ్యాయంలో గట్టి జవాబు. సత్యం ఒక్కటే! రాసింది చదువుకుని నాకు నేనే తల ఊపేదాన్ని.

మేడ మీద ఒక ఖాళీ గది. పొద్దుగూకగానే అందులో ఎవరో కుర్చీ ఈడ్చేవారు. గదిలో కుర్చీ లేదు. స్టేషను పక్కనే కాపురం కనుక రైళ్ళ చప్పుళ్ళన్నీ నాకు తెలుసు. ఇది రైలు కాదు.

యాదమ్మగారు ఆ గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. దర్గా నుంచి తెచ్చిన తాయెత్తూ కట్టారు. ఆపైన నా దగ్గరికొచ్చారు.

"మేడం, మీరు సుత జెర ప్రార్థన చెయ్యున్రి."

"అవన్నీ ఉండగా మళ్ళీ నా ప్రార్థన దేనికండీ?"

"ఉంటే ఏమైతది? ఎవరి నిజం వాళ్లది."

నేను నలభై పేజీల్లో ఖండించిన ముక్కని ఆవిడ చిక్కుడుకాయలు తుంపుతూ అనేశారు! నా పౌరుషం మోండా మార్కెట్ గోలలా చెవుల్లో హోరెత్తింది.

"అవన్నీ తీసేయండి. ప్రార్థన ఒక్కటే చేస్తాను. చప్పుడు ఆగకపోతే నా చివరి అధ్యాయం చింపేస్తాను."

"పరేషాన్ అయితరు మేడం."

"లెక్క తేలాలి కదా!"

మర్నాడు సాయంత్రం అన్నీ విప్పించి, గది మూలమూలా వెతికి, లోపల గడియ పెట్టుకుని మోకరించాను. రెండు వాక్యాలైనా కాలేదు, గోడ దగ్గర కుర్చీ కదిలింది. కళ్ళు తెరవలేదు, భక్తి వల్ల కాదు, ధైర్యం చాలక. అది ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ నా పక్కకొచ్చి ఆగింది. ఎవరో కూర్చున్నట్టు కిర్రుమంది. మిడతలా ఎగిరెగిరి పడుతున్న గొంతుతో ఎలాగో ప్రార్థన ముగించాను.

"ఆమెన్," అన్నాడు పక్కనున్నవాడు, ఎంతో మర్యాదగా.

గడియ నేనే తీశానో, తలుపే తెరుచుకుందో తెలియదు.

"యాదమ్మగారూ, ఆ నిమ్మకాయలు ఎక్కడ పడేశారు?"

సంగతంతా విని ఆవిడ తాపీగా అన్నారు: "ఇంకేంది మేడం, మీరే గెలిచిన్రు. అది సుత మీ మతంల కలిసింది."

చప్పుడు మళ్ళీ రాలేదు. అధ్యాయం అక్షరం మారకుండా అచ్చయింది. నేను మాత్రం ఆ రోజే చెయ్యెత్తి ప్రమాణం చేశాను: సత్యం ఒక్కటేనని ఇకముందు కూడా ఎక్కడైనా, ఎవరితోనైనా వాదిస్తాను, వినేవాళ్ళు కంటికి కనిపిస్తేనే.