గింజ కట్టని తీగ

1956 జూన్‌లో నన్ను ఆదోని దగ్గరి ప్రభుత్వ పత్తి క్షేత్రంలో ఫీల్డ్‌మన్‌గా వేశారు. ముప్పై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి. ఎవరూ కోరని పనే నాకు దొరికింది. తెగులు మడి. ఎండు తెగులున్న నేలలోనే కావాలని పత్తి విత్తుతాం. రెండు రకాల పూలను కలిపి తీసిన గింజలు గనుక ఏ మొక్కకు ఆ మొక్కే వేరు. చచ్చేవి చావగా నిలబడ్డవాటి నుంచి విత్తనం తీస్తాం. మనిషి మొహం కనబడని ఆ మడిలో పొద్దంతా చచ్చినవి పీకేవాణ్ణి.

జీవులు మొదట్లో తమను తామే చీల్చుకొని పెరిగేవని, జోడు కలవడం తర్వాత వచ్చిందని మా పైఅధికారి, వ్యవసాయ డిమాన్‌స్ట్రేటర్ చెప్పేవాడు. జోడును వెతుక్కునే ఆ దండగ పద్ధతి ఎందుకు నిలిచిందో నాకు అర్థమయ్యేది కాదు.

మరుసటి వానాకాలం ఎమ్మిగనూరు పక్కన మస్తాన్ సాబు తమలపాకు తోట వాడుతోందని డిమాన్‌స్ట్రేటర్ నన్ను పంపాడు. సాబుకు భార్య పోయింది, పిల్లలు లేరు. తోటలోనే కాపురం.

"మీ మడిలో కొన్ని బతుకుతాయంట గదప్పా. ఈడ గూడా ఒకటన్నా ఉంటాది, ఎతుకు. దాన్నే కోసి మళ్లా తోట నాటుకుంటా," అన్నాడు.

సాలుసాలూ తిరిగాం. చివరి సాలులో ఒక తీగ పచ్చగా ఉంది. మొదలు గోటితో గీరాను. లోపల నలుపే, దానికీ తెగులు పట్టేసింది.

"ఇన్నిట్లో ఒక్కటీ గట్టిది లేదా?"

"ఇన్ని యాడుండాయి మామా? మీ నాయన తెచ్చిన ఒక తీగనే ముక్కలు కోసి నాటుకుంటా వచ్చినావు. దాన్ని సంపే తెగులు అన్నిట్నీ సంపుతాది."

"గింజేసి పెంచుతా."

"గింజ కట్టదు. దీంట్లో ఆడతీగ వేరే, మగతీగ వేరే. నీకాడ ఉండేది ఒకటే. దాని జోడు యాడుందో నాకు తెల్దు."

ఆయన ఎండిన తీగను చేత్తో పట్టుకున్నాడు. "దీనికంటే నేనే నయం. నా జోడును నేను సూసినా."

తెగులు పట్టినవి కాల్చాలని నియమం. అన్నీ పీకించి కాల్పించాను. వేరే ఊరి తీగ తెచ్చుకోమంటే సాబు తల అడ్డంగా ఊపాడు.

"అదీ ఒకటే తీగ గదా. మీ పత్తి గింజలు ఇప్పియ్యి."

"ఈ తడి నేలలో చానా సస్తాయి మామా."

"సావనీ. అన్నీ ఒక్కసారే సావవు గదా."

డిమాన్‌స్ట్రేటర్‌ను అడిగి ఇప్పించాను. ఆ ఏడు ఆ నేలలో కొంత చచ్చింది, కొంత కాసింది.

ఒంటరిగా పెరిగేది తొందరగా పెరుగుతుంది, పోయేటప్పుడు మొత్తంగా పోతుంది. జోడు కలిసి పుట్టినవాటిలో కొన్ని మిగులుతాయి, ఏవో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకే తెగులు మడిలో చచ్చినవి పీకి, నిలబడ్డవాటిని కనిపెట్టుకొని ఉండే మనిషి కావాలి.