కృపమ్మ గారు వదిలించిన దయ్యం

మా మావయ్య సత్యానందం గారు జీవితంలో ఒకే ఒక్క రాక్ కచేరీ చూశారు. వాళ్లబ్బాయి రూబెన్ని చేసుకుని కలిదిండి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆ కచేరీ నేనూ చూస్తూనే ఉన్నాను. పాలవాడు దొరికినా సరే, కరెంటు మీటరు చూసే అతను దొరికినా సరే, కుర్చీ వేసి కూర్చోబెట్టి మొదలుపెట్టేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. పొయ్యి మీద కూర మాడిపోతున్నా, "కదమ్మా గ్రేసూ" అని ఆయన అన్నప్పుడల్లా "అవునండీ" అనాలి.

కథేమిటంటే, నలభై ఏళ్ల కిందట ఏలూరులో గోడల నిండా గిటారు పట్టుకున్న మనిషి పోస్టర్లు వెలిశాయి. ఆ రోజుల్లో మావాళ్ల లెక్కలో గిటారూ, స్టేజీ, మైకూ ఉంటే అది సువార్త సభే. ఇంకేముంది, చర్చి చర్చంతా తెల్లబట్టలు కట్టుకుని, బైబిళ్లూ, చాపలూ, పులిహోర డబ్బాలూ పట్టుకుని చేపల లారీ ఎక్కేసింది. కాలేజీ గ్రౌండులో దిగగానే ఆ లారీ కంపుకి కుర్రాళ్లంతా పక్కకి తప్పుకున్నారు. మావాళ్లు అది మర్యాద అనుకుని సరాసరి స్టేజీ ముందే చాపలు పరిచారు.

మద్రాసు నుంచి వచ్చిన పాటగాడు జుట్టు విరబోసుకుని అరిచాడు, ఎగిరాడు, చివరికి గిటారుతో సహా కిందపడి గిలగిలా కొట్టుకున్నాడు. చాపల మీదున్న వాళ్లంతా మోకాళ్ల మీదికి వంగారు. పెళ్లయి ఏడాది కూడా తిరగని మా అత్తయ్య కృపమ్మ గారు మాత్రం తలమీద కొంగు సర్దుకుని, చకచకా స్టేజీ ఎక్కి, అతని నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అతను బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. గ్రౌండంతా ఈలలు.

"దెబ్బకి వదిలిపోయిందమ్మా దయ్యం! లేచి ఎంత చక్కటి పాట పాడాడనుకున్నావు!" అంటారు మావయ్య. అది సువార్త సభ కాదని తిరుగు ప్రయాణంలో లారీ డ్రైవరు చెప్పాడట. అయినా దయ్యం విషయంలో ఆయన ఇప్పటికీ తగ్గరు.

ఈ కథ మొదలవగానే అత్తయ్య మొహం ముడుచుకుని లేచి వెళ్లిపోతారు. ఊరి బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ ఎదురొస్తే సగం ఊరు ఇప్పటికీ చేతులు కట్టుకుంటుంది.

పోయిన ఆదివారం స్త్రీల సమాజం వాళ్లు ఆవిడకి చర్చిలో సన్మానం పెట్టారు. ఏలూరు నుంచి పెద్దలు వచ్చారు. భర్తగా మావయ్య రెండు మాటలు మాట్లాడాలి. ముందురోజే అత్తయ్య తేల్చి చెప్పేశారు.

"ఏవండీ, రేపు ఆ కచేరీ ఊసెత్తారంటే శాలువా అక్కడే పెట్టేసి ఇంటికొచ్చేస్తాను."

"మరి నీ గురించి ఏం చెప్పను కృపా? నేను చూసినవాటిల్లో గొప్పది అదే కదా" అన్నారు మావయ్య. మొట్టమొదటిసారి ఆయన్ని చూస్తే నాకు జాలేసింది.

ఆదివారం మైకు పట్టుకుని, "మా కృప మంచిదండీ. చేపల పులుసు బాగా పెడుతుంది" అన్నారు. ఆగారు. నోరు తెరిచారు. అత్తయ్య వైపు చూసి మూసేశారు. వచ్చి కూర్చుని తల దించుకున్నారు. కథ కంఠతా వచ్చిన వెనక వరసలు ఉసూరుమన్నాయి.

తర్వాత అత్తయ్య, దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచారు. సాక్ష్యానికి నిలబడితే మావాళ్లు అబద్ధం ఆడరు. ఆవిడ మావయ్య మొహం కేసి కాసేపు చూశారు.

"ఆయన చెప్పకుండా దాచుకున్నదేవిటో మీ అందరికీ తెలుసు. నేనే వద్దన్నానండీ. ఆయన ఎప్పుడూ తప్పు చెప్తారు. ఆ అబ్బాయికి దయ్యం లేదు, గియ్యం లేదు. నాకు రెండో పాటకే తెలిసిపోయింది."

"మరెందుకు ఎక్కావు?" మావయ్య కూర్చున్నచోటి నుంచే అరిచారు.

"పాట బాగుందండీ. దగ్గర్నుంచి చూడాలనిపించింది. కొత్త పెళ్లికూతుర్ని ఊరికే ఎక్కనిస్తారా మీరంతా?"

పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మావయ్య మాత్రం నవ్వలేదు. పాపం, నలభై ఏళ్లు సాకిన దయ్యం.

"అయితే ప్రార్థన కూడా ఉత్తిదేనా?" అన్నారు.

"అదేం మాటండీ! అరిచి అరిచి అతని గొంతు బొంగురుపోయింది. ఇంకొక్క పాటకైనా నిలబెట్టు ప్రభువా అని అడిగాను. పాడాడు కదా!"

మావయ్య ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత చర్చిలో అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నారు.